టన్నుల్లో చెబితే వార్త... గ్రాముల్లో లెక్కేస్తేనే గని!

2020 ఫిబ్రవరిలో ఒక వార్త దేశమంతా గుప్పుమంది. ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో మూడు వేల టన్నులకు పైగా బంగారం దొరికిందట! రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న దానికి అయిదు రెట్లట! ఇంకేముంది, టీవీల్లో మెరుపుల గ్రాఫిక్స్, వాట్సాప్‌లో శుభాకాంక్షలు. దేశం అప్పులన్నీ తీరిపోతాయని కొందరు లెక్కలు కూడా కట్టేశారు.

ఆ సంబరం ఎన్నో రోజులు నిలవలేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ) ఒక వివరణ ఇచ్చింది. 1998-99లోనూ, 1999-2000లోనూ అక్కడ అన్వేషణ చేసిన మాట నిజమే. 170 మీటర్ల పొడవున్న ఒక ముక్కలో 52,806.25 టన్నుల ముడి ఖనిజం ఉందని అంచనా వేసిన మాటా నిజమే. అందులో బంగారం టన్నుకు సగటున 3.03 గ్రాములు. గుణించి చూడండి: 160 కిలోలు. అంతే!

మూడు వేల టన్నులెక్కడ, 160 కిలోలెక్కడ? తేడా పద్దెనిమిది వేల రెట్లకు పైమాటే. ముడి ఖనిజం బరువు వేరు, అందులోని బంగారం బరువు వేరు అన్న చిన్న సంగతి తెలిసుంటే చాలు, ఆ వార్త దగ్గర ఒక్క నిమిషం ఆగేవాళ్లం. 3.03 గ్రాముల ఖనిజమంటే, పది గ్రాముల తులం బంగారానికి 3.3 టన్నుల రాయిని పిండి చేయాలన్నమాట. అదీ పిసరంత కూడా వృథా కాకుండా!

మరి భూమి లోపల ఉన్న ఆ గ్రాములు బయటి వాళ్లకెలా తెలుస్తాయి? తవ్వితే కదా తెలిసేది! ఎక్కడ తవ్వాలో ఎవరు చెబుతారు? నిజం చెప్పాలంటే, ఈ రోజుల్లో అది చెప్పేది సుత్తి కన్నా ముందు గణాంక శాస్త్రం. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

వాగు మోసుకొచ్చే కబురు

కొండమీద వాన పడుతుంది. రాయి అరుగుతుంది. అరిగిన పొడి వాగులోకి చేరుతుంది. అంటే వాగు అడుగున ఉన్న మెత్తటి ఒండ్రు పిడికెడు తీస్తే, అందులో పైనున్న పరీవాహక ప్రాంతం అంతటి కబురూ ఉన్నట్టే. పైన ఎక్కడో బంగారం ఉంటే దాని ఆనవాలు ఎంతో కొంత కింద కనపడాలి. భూరసాయన అన్వేషణకు పునాది ఇదే.

మన జీఎస్‌ఐ దేశమంతటికీ ఇలాంటి పటాలు తయారుచేసే పని పెట్టుకుంది. నేలను రెండు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి నుంచి వాగు మట్టి తెచ్చి, జల్లించి, పదుల కొద్దీ మూలకాలు ఎంతెంత ఉన్నాయో కొలుస్తారు. ఆ వివరాలు 'భూకోశ్' అనే పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

బంగారాన్ని ఇక్కడ కొలిచే కొలత పేరు పీపీబీ. అంటే వంద కోట్లలో ఒక వంతు. ఒక టన్ను మట్టిలో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీబీ. భూమి పైపొరలో ఏ విశేషమూ లేని మామూలు రాయిలో కూడా బంగారం కొద్ది పీపీబీలు ఉంటుంది. మీ పెరట్లో కూడా ఉంటుంది! కాబట్టి "ఇక్కడ బంగారం ఉందా?" అన్నది అసలు ప్రశ్నే కాదు. "ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందా?" అన్నదే ప్రశ్న. ఉండాల్సినదెంతో తేల్చడం దగ్గరే లెక్కల మాస్టారు అవసరమవుతాడు.

సగటు చేసే మోసం

ఒక ఉదాహరణ చూద్దాం. పది వాగుల నుంచి పది శాంపిళ్లు తెచ్చామనుకోండి. ల్యాబ్ ఇచ్చిన ఫలితాలు పీపీబీల్లో ఇవీ: 1, 1, 2, 2, 2, 3, 3, 4, 6, 176. సగటు ఎంత? మొత్తం 200, పదితో భాగిస్తే 20. కానీ ఈ పదింటిలో 20కి దరిదాపుల్లో ఉన్నది ఒక్కటైనా ఉందా? లేదు. తొమ్మిది శాంపిళ్లు ఆరు లోపే ఉన్నాయి. ఒకే ఒక్కటి సగటును ఆకాశానికి ఎత్తేసింది. ఊళ్లో కోటీశ్వరుడొకడుంటే ఊరి సగటు ఆదాయం పెరిగినట్టే ఇది. కూలి చేసుకునేవాడి జేబులోకి పైసా రాదు.

వెనకటి పద్ధతి ఏమిటంటే సగటుకు రెండు క్రమ విచలనాలు కలిపి, ఆ గీత దాటినదాన్ని అసాధారణం అనడం. క్రమ విచలనం అంటే అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. మన పది శాంపిళ్లకు అలా లెక్కేస్తే గీత దాదాపు 130 దగ్గర పడుతుంది. రేపు పక్క వాగులో 40 పీపీబీ వచ్చిందనుకోండి. మామూలు మోతాదుకు అది పదిహేను రెట్లు. అయినా గీత దాటలేదు కాబట్టి దాన్ని పక్కన పడేస్తాం. పెద్ద అంకె ఒకటి చిన్న ఆధారాన్ని మింగేసిందన్నమాట.

దీనికి విరుగుడు రెండు మెట్లు. మొదటిది, అంకెలను ఉన్నవున్నట్టుగా కాకుండా వాటి సంవర్గమానాలు, అదే ఇంటర్లో చదువుకున్న లాగరిథమ్‌లు, తీసుకోవడం. బంగారం లాంటి అరుదైన మూలకాలు కూడికల పద్ధతిలో కన్నా గుణకారాల పద్ధతిలోనే మారుతుంటాయి. రెండు రెట్లు, పది రెట్లు, వంద రెట్లు... ఇలా. రెండోది, సగటు బదులు మధ్యగతం వాడటం. అంకెలన్నీ వరసగా నిలబెట్టి నడిమిదాన్ని పట్టుకోవడమే మధ్యగతం. చెదురును కూడా అలాగే కొలుస్తారు: ఒక్కో అంకె ఆ నడిమి నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల్లోనూ నడిమిదాన్ని తీసుకుంటారు. ఈ లెక్కన మన గీత 130 నుంచి దాదాపు 7కు దిగొస్తుంది. ఇప్పుడు 176తో పాటు ఆ 40 కూడా పట్టుబడుతుంది. పది శాంపిళ్లతో ఎవరూ గీతలు గీయరు లెండి, వందలు వేలు కావాలి. కానీ కిటుకు ఇదే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అయిదో తరగతి పిల్లల్నీ పదో తరగతి పిల్లల్నీ ఒకే వరసలో నిలబెట్టి, పొడుగ్గా ఉన్నవాళ్లందరూ అసాధారణం అంటే ఎలా? రాళ్లూ అంతే. గ్రానైట్ మీద పారే వాగు వేరు, నల్లటి అగ్నిపర్వత శిలల మీద పారే వాగు వేరు. దేనికి దానికే 'మామూలు' ఎంతో తేల్చుకోవాలి. లేకపోతే మనం కనిపెట్టేది బంగారాన్ని కాదు, రాయి రకం మారిన చోటుని!

ఒక్క రేణువుతో తలకిందులు

బంగారంతో ఇంకో తంటా ఉంది. అది మట్టిలో ఉప్పు కరిగినట్టు సమంగా కరిగి ఉండదు. రేణువులుగా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే చిన్న ఘనం అనుకోండి. కంటికి కూడా సరిగా ఆనదు. బంగారం చాలా బరువు కాబట్టి ఆ నలుసే దాదాపు 19 మైక్రోగ్రాములు తూగుతుంది. ల్యాబ్‌లో పరీక్షించేది 50 గ్రాముల మట్టి అయితే, ఆ ఒక్క నలుసు అందులో పడితే ఫలితం 386 పీపీబీ. పడకపోతే రెండో మూడో. ఒకే సంచిలోంచి రెండు చెంచాలు తీసి పరీక్షిస్తే, ఒకటి "గనే!" అంటుంది, ఇంకొకటి "ఏమీ లేదు" అంటుంది.

అందుకే పెద్ద శాంపిళ్లు తీస్తారు. కిలోల కొద్దీ మట్టిని సైనైడ్ ద్రావణంలో నానబెట్టి, కరిగిన బంగారాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. అదే చోట మళ్లీ ఇంకో శాంపిల్ తీయడం, ఒకే శాంపిల్‌ను రెండుసార్లు పరీక్షించడం తప్పనిసరి. ఒక్క శాంపిల్‌లో వచ్చిన పెద్ద అంకెని చూసి గంతులేసేవాడు ఈ రంగంలో నిలవడు.

చుట్టాలను పట్టుకుంటే సరి

బంగారం ఇంత చపలంగా ఉంటే మరెలా? దాని చుట్టాలను పట్టుకోవాలి. భూమి లోతుల నుంచి వేడినీళ్లు పగుళ్ల గుండా పైకొస్తూ బంగారాన్ని తెచ్చి వదిలిపెడతాయి. ఆ నీళ్లలో బంగారం ఒంటరిగా రాదు. ఆర్సెనిక్, యాంటిమొని, కొన్నిచోట్ల పాదరసం, బిస్మత్, టంగ్‌స్టన్ వెంట వస్తాయి. ఇవి బంగారం కన్నా ఎక్కువ మోతాదులో, ఎక్కువ దూరం పరుచుకుని ఉంటాయి. ఒక్క రేణువుతో తలకిందులయ్యే గొడవ వీటికి తక్కువ. పెళ్లికొడుకు కనపడకపోయినా, బ్యాండు మేళం చప్పుడు బట్టి ఊరేగింపు ఏ వీధిలో ఉందో చెప్పేయొచ్చు కదా, అలాగన్నమాట.

అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని కార్లిన్ నిక్షేపం దీనికి పేరుమోసిన ఉదాహరణ. 1961లో కనిపెట్టిన ఆ గనిలో బంగారం కంటికి కనపడదు. పాత పద్ధతిలో తట్టలో ఇసుక కడిగితే ఒక్క మెరుపూ తగలదు. ల్యాబ్ పరీక్ష ఒక్కటే దిక్కు. ఆ రకం నిక్షేపాలన్నిటికీ ఆర్సెనిక్, యాంటిమొని, పాదరసం, థాలియం బృందమే ఆనవాలు.

ఇక్కడ గణాంకాలు చేసే పని గుంపులు కట్టడం. యాభై మూలకాలు, వేల శాంపిళ్లు. ఏవి కలిసి పెరుగుతున్నాయి, ఏవి కలిసి తగ్గుతున్నాయి? నికెల్, క్రోమియం, కోబాల్ట్ కలిసి పెరిగితే అది నల్లరాయి కుటుంబం. జిర్కోనియం, టైటానియం కలిసి పెరిగితే వాగు బరువైన ఇసుకను ఒకచోట పోగుచేసిందని అర్థం. ఆర్సెనిక్, యాంటిమొని, బంగారం కలిసి తలెత్తితే... అక్కడికి బూట్లు వేసుకుని బయల్దేరాలి! ఒక్క మూలకం చెప్పే సాక్ష్యం కన్నా ఒక కుటుంబం చెప్పే సాక్ష్యం గట్టిది.

శాతాల తిరకాసు

అయితే ఈ 'కలిసి పెరగడం, కలిసి తగ్గడం' అన్నదాంట్లోనే ఒక గోతి ఉంది. మీ ఇంటి ఖర్చే చూడండి. అద్దె పెరిగింది. బియ్యానికి ఖర్చుపెట్టే రూపాయలు మారలేదు. అయినా మొత్తం ఖర్చులో బియ్యం 'శాతం' తగ్గిపోతుంది. పైపైన చూసినవాడు "ఈ ఇంట్లో అద్దె పెరిగిన కొద్దీ అన్నం తినడం తగ్గిస్తున్నారు" అంటాడు. అబద్ధం కదా!

మట్టి లెక్కలూ శాతాలే. వాగులో వరదొచ్చి తెల్ల ఇసుక ఎక్కువ చేరితే మిగతా మూలకాలన్నీ కలిసికట్టుగా తగ్గినట్టు కనపడతాయి. వాటి మధ్య లేని బంధుత్వం ఉన్నట్టు లెక్క చూపిస్తుంది. కార్ల్ పియర్సన్ అనే గణాంక శాస్త్రవేత్త ఇలాంటి దొంగ సంబంధాల గురించి 1897లోనే హెచ్చరించాడు. 1980ల్లో జాన్ ఐచిసన్ దానికి మందు చూపించాడు: శాతాలను విడిగా చూడకండి, ఒకదానికి ఇంకొకటి ఎన్ని రెట్లుందో ఆ నిష్పత్తి తీసి, దాని సంవర్గమానం వాడండి అని. అద్దెకీ బియ్యానికీ ఉన్న నిష్పత్తి మారితే, కూరగాయలకీ బియ్యానికీ ఉన్న నిష్పత్తి మారలేదని తెలిసిపోతుంది. అప్పుడు పాపం బియ్యం మీద నింద పోతుంది.

పక్కింటి సాక్ష్యం

గని దొరికాక కూడా లెక్క అయిపోదు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో డానీ క్రిగ్ అనే ఇంజనీరు 1951లో ఒక సంగతి రుజువు చేశాడు. ఒక బ్లాకు అంచుల్లో తీసిన శాంపిళ్లలో బంగారం బాగా ఎక్కువొస్తే, తవ్వాక ఆ బ్లాకు నుంచి అనుకున్నంత రావడం లేదు. తక్కువొచ్చిన బ్లాకుల్లో అనుకున్నదానికన్నా ఎక్కువొస్తోంది. ఎందుకని? ఓ మ్యాచ్‌లో సెంచరీ కొట్టిన కుర్రాడు ప్రతి మ్యాచ్‌లోనూ కొట్టడు. ఓసారి డకౌట్ అయినవాడు జీవితాంతం సున్నా కాదు. కొన్ని శాంపిళ్లు చూపే అతిశయాన్ని మొత్తానికి అంటగట్టకూడదు. చుట్టుపక్కల శాంపిళ్లకు కూడా వాటి వాటి దూరాన్ని బట్టి విలువిచ్చి, అంచనాను సర్దాలి.

ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మాథెరాన్ ఈ ఆలోచనను పూర్తి గణితంగా మలిచి, క్రిగ్ మీద గౌరవంతో 'క్రిగింగ్' అని పేరు పెట్టాడు. ఇవాళ అది బంగారానికే పరిమితం కాలేదు. భూగర్భ జలాల పటాలకూ, గాలి కాలుష్యం పటాలకూ అదే లెక్క వాడుతున్నారు.

లెక్క సరే, సంచి సంగతేంటి?

ఇంత గణితం ఉన్నా మోసపోయే దారి ఒకటి మిగిలే ఉంటుంది. కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ అనే కంపెనీ 1990ల్లో ఇండోనేసియా అడవుల్లోని బుసాంగ్‌లో బ్రహ్మాండమైన బంగారు నిక్షేపం కనిపెట్టానంది. షేరు రాకెట్‌లా లేచింది. కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్లు దాటింది. 1997లో ఇంకో పెద్ద కంపెనీ వచ్చి, పక్కనే సొంతంగా బోర్లు వేసి చూస్తే బంగారం ఊసే లేదు. స్వతంత్ర పరిశీలకులు తేల్చిందేమిటంటే, పిండి చేసిన రాతి శాంపిళ్లలో బయటి నుంచి తెచ్చిన బంగారం పొడి కలిపారు! ఆ రేణువులు నదిలో దొర్లి నున్నగా గుండ్రంగా అయిన రకం. రాతి లోపలి బంగారం అలా ఉండదు. మామూలుగా బోరు నుంచి తీసిన రాతి కడ్డీని నిలువుగా కోసి, సగం దాచి, సగం పరీక్షిస్తారు. అక్కడ దాచింది లేదు, మొత్తం పిండి చేసేశారు. పెన్షన్ ఫండ్ల డబ్బు, చిన్న మదుపరుల పొదుపు అంతా ఆవిరైపోయింది.

లోపం ఉన్నది సూత్రాల్లో కాదు, సంచుల్లో. అందుకే ఇప్పుడు శాంపిళ్ల మధ్యమధ్యలో బంగారం అసలు లేని సంచులూ, ఎంతుందో ముందే తెలిసిన సంచులూ గుట్టుగా పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. ల్యాబ్ వాటిని సరిగ్గా చెప్పకపోతే మిగతా అంకెలను ఎవరూ నమ్మరు.

మన నేల మీద

ఇదంతా దూరపు కథ కాదు. 250 కోట్ల ఏళ్లు పైబడిన శిలల పట్టీలు మన రాయలసీమలోనూ ఉన్నాయి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి, అనంతపురం సీమలోని రామగిరి, కోలారు పట్టీకి కొనసాగింపుగా కుప్పం వైపున్న చిగురుగుంట, బిసానత్తం... ఈ పేర్లన్నీ బంగారం రికార్డుల్లో ఉన్నవే. అశోకుడి నాటి సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తొలకరి పడితే అక్కడి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతకడం మనకు ఏటా వచ్చే వార్తే. ఇక కోలారు గని 2001లో మూతపడింది. దాని మీద బతికిన వాళ్లలో తెలుగువాళ్లూ బోలెడుమంది.

ఇలాంటి పాత గనుల చుట్టుపక్కల గణాంకాలకు ఇంకో పరీక్ష ఎదురవుతుంది. పిండి చేసి పారబోసిన దిబ్బలు వానకు కొట్టుకొచ్చి వాగుల్లో కలుస్తాయి. అందులో బంగారం, ఆర్సెనిక్ రెండూ ఉండొచ్చు. పటం మీద ఎర్రగా వెలిగే ఆ చోటు కొత్త నిక్షేపం కాదు, తాతల నాటి చెత్త! ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. ఊళ్లో ముసలాయన్ని అడిగితే తెలుస్తుంది. అదే ఎర్రచుక్కకు ఇంకో అర్థం కూడా ఉంది: అక్కడి నీళ్లలో ఆర్సెనిక్ ఎంతుందో ముందు పరీక్షించాలి. బంగారం కోసం గీసిన పటం జనం ఆరోగ్యానికీ పనికొస్తుంది, చూసే కన్ను ఉంటే.

వార్త చూస్తే ఏం అడగాలి?

"ఫలానా మండలంలో బంగారం నిల్వలు" అని వార్త రాగానే భూముల ధరలు కదులుతాయి. బ్రోకర్లు దిగుతారు. కొందరు రైతులు ఆశతో, కొందరు భయంతో అమ్ముకుంటారు. ఊరూ పేరూ లేని కంపెనీ షేర్లు కొనమని ఫోన్లు వస్తాయి. ఆ రోజు నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: చెబుతున్న బరువు ఖనిజానిదా, బంగారానిదా? టన్నుకు ఎన్ని గ్రాములు?

రెండు: అన్వేషణ ఏ దశలో ఉంది? మన దేశంలో దశలకు జీ4 నుంచి జీ1 వరకు పేర్లున్నాయి. జీ4 అంటే పైపై సర్వే, వాగు మట్టి పరీక్షల స్థాయి. జీ1 అంటే దగ్గర దగ్గరగా బోర్లు వేసి వివరంగా చూసినది. జీ4లో కనపడిన ఆనవాళ్లలో గని దాకా వచ్చేవి చాలా చాలా తక్కువ.

మూడు: అది 'వనరా', 'నిల్వా'? మన వార్తల్లో అన్నిటినీ నిల్వలే అనేస్తారు. నేలలో ఉందని అంచనా వేసింది వనరు. ఖర్చులు పోను లాభంగా తీయగలమని తేలిన భాగమే నిల్వ.

నాలుగు: ఎన్ని బోర్లు వేశారు? ఒక్క బోరులో వచ్చిన ఒక్క పెద్ద అంకే చెబుతున్నారా, మొత్తం ఫలితాలు చెబుతున్నారా? బోరు తీసిన సగం కడ్డీ దాచారా?

ఈ నాలుగింటికీ జవాబు దొరికే దాకా పొలం కాగితాల మీద సంతకం పెట్టకండి, చెక్కు మీద అసలే పెట్టకండి.